"పరశురాముడు చేసింది తప్పా అప్పా?" అని అడిగిన తమ్ముడికి

ముందు ఈ తమ్ముడి ఉత్తరం ఏంటో నాలుగు ముక్కల్లో చెప్తాను, ఊరు పేరు రాయొద్దన్నాడు కాబట్టి శ్రీకాకుళం జిల్లాలో మా ఉద్దానం వైపు అబ్బాయి అని మాత్రం అనుకోండి. మా వైపు అప్ప అంటే అక్క. వయసు 27. వాళ్ళ నాన్నకీ చిన్నాన్నకీ జీడి తోట గట్టు దగ్గర తగువు. ఆరేళ్ళ కిందట ఆ గట్టు మీదే చిన్నాన్న పదిమంది చూస్తుండగా వాళ్ళ నాన్నని చెంప మీద కొట్టాడు. అప్పట్నుంచీ కోర్టు, వాయిదాలు, ఈ ఇంటి మీద కాకి ఆ ఇంటి మీద వాలదు. రెండేళ్ళ కిందట నాన్న కిడ్నీ జబ్బుతో పోయారు. ఇప్పుడు చిన్నాన్న కూతురి పెళ్ళి, అక్షయ తృతీయ వెళ్ళిన మూడో రోజు ముహూర్తం. ఆ పిల్లే స్వయంగా శుభలేఖ పట్టుకుని గుమ్మం దాకా వస్తే వీడు తీసుకోకుండా తిప్పి పంపేశాడు. వాళ్ళమ్మ రెండ్రోజులు అన్నం తినలేదంట, "ఇంక సాల్రా నాయనా" అంటోందంట. వీడి ఆలోచన ఏంటంటే పెళ్ళి పందిట్లోకి వెళ్ళి అందరి ముందూ చిన్నాన్నని నిలబెట్టి ఆ చెంపదెబ్బ లెక్క తేల్చడం. చివర్లో ఇలా రాశాడు: "నా ఫోన్ మీద పరశురాముడి బొమ్మే ఉంటాది అప్పా. తండ్రి కోసం 21 సార్లు భూమంతా తిరిగి రాజుల్ని నరికాడు, ఆయన్ని దేవుడన్నాం, చిరంజీవి అన్నాం. నేను ఒక్కసారి నిలబడి అడిగితే తప్పంటున్నారు. ఆయన చేసింది తప్పా మరి?"

తమ్ముడూ, అప్పా అని పిలిచావు కాబట్టి అప్పలాగే చెప్తాను, కొంచెం పొడుగైనా చివరిదాకా చదువు.

ముందు ఒక మాట. నీ కోపం తప్పని నేను అనను. తండ్రి చెంప మీద పడిన దెబ్బ కొడుక్కి ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు, 21 ఏళ్ళ కుర్రాడివి అప్పుడు, ఆ గట్టు మీద ఉన్నావో లేవో రాయలేదు గానీ ఉన్నా లేకపోయినా ఆ చప్పుడు నీకు ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. కాబట్టి మర్చిపో, క్షమించెయ్, పెద్ద మనసు చేసుకో అని నేను చెప్పట్లేదు. నువ్వు పరశురాముడిని అడ్డం పెట్టుకుని అడిగావు కదా, సరే, ఆయన కథలోంచే మాట్లాడుకుందాం. కానీ ఫోన్ మీద బొమ్మలో కనపడేంత కథ కాదు, మొత్తం కథ.

మొదలు గొడవ ఆవు దగ్గర. కార్తవీర్యార్జునుడు, వెయ్యి చేతులవాడు, జమదగ్ని ఆశ్రమంలో అతిథిగా మర్యాదలన్నీ చేయించుకుని వెళ్తూ వెళ్తూ హోమధేనువు దూడని బలవంతంగా ఈడ్చుకుపోయాడు. పరశురాముడు ఇంటికొచ్చేసరికి ఆవు అరుస్తోంది, తండ్రి జరిగింది చెప్పాడు, ఈయన వెళ్ళి కార్తవీర్యుడి చేతులన్నీ నరికి చంపేశాడు. తప్పు చేసినవాడి దగ్గరికే వెళ్ళాడు, వాడితోనే తేల్చుకున్నాడు, ఇక్కడి దాకా నీ ప్రశ్నకి నేను ఎదురు మాట్లాడను.

కానీ తరవాత ఏమైంది? కార్తవీర్యుడి కొడుకులకీ ఒక తండ్రి పోయినట్టే కదా. వాళ్ళూ నీలాగే కూర్చుని లెక్క వేసుకున్నారు. పరశురాముడు ఇంట్లో లేని పూట చూసి వచ్చి, తపస్సులో ఉన్న జమదగ్నిని బాణాలతో కొట్టి చంపేశారు, ఆ ముసలాయన రామా రామా అని కొడుకుని పిలుస్తూ ప్రాణం వదిలాడు. పరశురాముడు సమిధలు పట్టుకుని ఇంటికొచ్చి తండ్రి శవం చూసి ఏడుస్తూ అన్న మొదటి మాట ఏంటో తెలుసా? భారతం అరణ్యపర్వంలో ఉంది, నా తప్పు వల్లే వాళ్ళు నిన్ను చంపారు నాన్నా అంటాడు. వాళ్ళని తిట్టిందీ ఉంది, వాళ్ళని నీచులన్నాడు, కానీ ముందు నా తప్పు అన్నాడు. నాకు తెలిసి ఈ మాట ఎవరూ స్టేటస్ పెట్టుకోరు. నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను. చేతిలో గొడ్డలి ఉన్నవాడికి, ఎదురు లేనివాడికి, తన న్యాయం తనకి తెలిసినవాడికి కూడా ఆ క్షణంలో గొలుసు ఎక్కడ మొదలైందో కనపడింది. కనపడినా ఆగలేకపోయాడు.

తరవాతదే నువ్వు గొప్పగా చెప్పుకునే 21 సార్లు. 21 సార్లు ఎందుకు తిరగాల్సొచ్చిందో ఎప్పుడైనా ఆలోచించావా? ఒక్కసారికే అందరూ అయిపోవాలి కదా. కడుపులో ఉన్న పిల్లలు మిగిలేవారు తమ్ముడూ. తల్లులు దాచుకునేవారు. వాళ్ళు పుట్టి పెరిగేవారు, మళ్ళీ వెళ్ళేవాడు. శాంతిపర్వంలో ఆ దాచిన పిల్లల జాబితా ఉంటుంది, ఒకణ్ణి కొండ మీద ఎలుగుబంట్లు కాపాడాయి, ఇంకొకణ్ణి గోశాలలో దూడల మధ్య పెట్టి పెంచారు, మరొకణ్ణి పరాశరుడు తన దగ్గర పనివాడిలా ఉంచి దాచాడు. ఆవు దూడని ఎత్తుకుపోయారని మొదలైన గొడవ, దూడల మధ్య పసిపిల్లాణ్ణి దాచుకోవాల్సినంత దూరం వచ్చింది. ఆ పిల్లాడికి జమదగ్ని ఎవరో తెలీదు. రాజులు లేకపోయేసరికి లోకం ఏమైనా బాగుపడిందా అంటే అదీ లేదు, బలం ఉన్నోడు బలం లేనోణ్ణి పీక్కుతినడం మొదలెట్టాడు, భూదేవే తట్టుకోలేక కశ్యపుడి దగ్గరికెళ్ళి ఆ మిగిలిన పిల్లలెక్కడున్నారో చెప్పి వాళ్ళని రాజుల్ని చెయ్యమని బతిమాలింది.

నీ ప్రశ్నకి నా జవాబు ఇదే, తప్పో ఒప్పో ఒక్క ముక్కలో చెప్పమంటే: మొదటిసారి ఎవరు చేశారో వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు, తరవాత తరవాత ఎవరి కడుపున పుట్టారో చూసి వెళ్ళాడు. ఆ తేడాని ఆయన్ని ఆపినవాళ్ళే చూశారు. ఆపింది శత్రువు కాదు, ఆయన తాత ఋచీకుడు వచ్చి ఇంక చాలు అన్నాడు. అంతే, ఆగాడు. ముసలి మనిషి మాటకి, సొంత ఇంటి మనిషి మాటకి. మీ ఇంట్లో ఆ మాట మీ అమ్మ అంది, "ఇంక సాల్రా నాయనా" అని. నువ్వు దాన్ని ఆడవాళ్ళ భయం అని రాశావు. తమ్ముడూ, చెంపదెబ్బ తిన్నది ఆవిడ మొగుడు, నీకన్నా ముందు అది ఆవిడ అవమానం, ఆరేళ్ళ నుంచీ కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. ఆవిడ చాలు అంటే ఆ మాటకి నీ మాట కన్నా ఎక్కువ హక్కుంది.

ఇప్పుడు నీ ఉత్తరంలో ఒక లైన్ దగ్గరికి వస్తాను. అది నువ్వు ఊరికే మధ్యలో పారేసినట్టు రాశావు. "ఆ చెల్లి, మా నాన్న డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు మూడు నాలుగు సార్లు కేరేజీ తెచ్చింది వాళ్ళ నాన్నకి తెలీకుండా, అది వేరే సంగతి."

వేరే సంగతి కాదు. ఈ మొత్తం ఉత్తరంలో నాకు అదే సంగతి.

డయాలసిస్ బెడ్ దగ్గర నాలుగు గంటలు ఎలా గడుస్తాయో నాకు తెలుసు, మా మేనమామ ఆ జబ్బుతోనే పోయాడు. వారానికి రెండు మూడు సార్లు, ఒక చెయ్యి కదపకూడదు, మెషీన్ తిరుగుతూ ఉంటుంది, నీళ్ళు కూడా కొలిచి తాగాలి, ఉప్పు లేని కూర ఎవరైనా ప్రేమగా వండి తెస్తే తప్ప గొంతు దిగదు. ఆ పిల్ల ఇంట్లో తెలీకుండా వేరేగా ఉప్పు తగ్గించి వండి, కేరేజీ కట్టి, బస్సెక్కి తెచ్చింది. తెలిస్తే ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసే తెచ్చింది. ఆ పిల్ల చేతిలో శుభలేఖ నువ్వు తీసుకోలేదు.

కర్ణుడి సంగతి నీకు తెలుసు కదా. మన పక్కనే ఉన్న ఈ మహేంద్రగిరి కొండ మీదే, పరశురాముడి దగ్గర అబద్ధం చెప్పి బ్రాహ్మణ్ణని విద్య నేర్చుకున్నాడు. ఒకరోజు గురువు ఉపవాసాలతో అలిసిపోయి శిష్యుడి ఒళ్ళో తలపెట్టి పడుకున్నాడు. ఒక పురుగు వచ్చి కర్ణుడి తొడ తొలిచేసింది, కదిలితే గురువు లేస్తాడని ఆ కుర్రాడు పళ్ళ బిగువున కూర్చున్నాడు, రక్తం కారి గురువు ఒంటికి తగిలి మెలకువొచ్చింది. లేచి చూసిన పరశురాముడు ఇంత నొప్పి బ్రాహ్మణుడు ఓర్చలేడు, నువ్వెవరివి అని అడిగాడు. అబద్ధం బయటపడింది, అవసరానికి అస్త్రం గుర్తుకు రాదని శాపం పెట్టేశాడు. అబద్ధం తప్పే, కాదనను. కానీ తన నిద్ర చెడకూడదని తొడ తొలిపించుకున్న పిల్లాడు ఎదురుగా ఉంటే ఆయనకి ముందు కనపడింది పుట్టుక. నాకు పరశురాముడంటే చాలా భక్తి, చిన్నప్పట్నుంచీ మా ఇంటి డాబా మీంచి ఆ కొండలు చూస్తూ పెరిగినదాన్ని, అయినా ఆ ఘట్టం దగ్గర మాత్రం నా మనసు కర్ణుడి వైపే ఉంటుంది. నువ్వు మీ చెల్లిలో చిన్నాన్న కూతుర్ని చూశావు, కేరేజీ తెచ్చిన పిల్లని చూడలేదు.

ఇంకొకటి, ఇది చెప్పడం కష్టమే. మీ నాన్న పోయింది ఆ చెంపదెబ్బ వల్ల కాదు నాయనా. నువ్వు ఉత్తరంలో రెండు చోట్ల "నాన్నని చంపేశాడు" అని రాశావు. ఉద్దానంలో ఏ వీధికెళ్ళినా ఆ జబ్బుతో పోయినవాళ్ళు ఉన్నారు, ఎవరి చెంప మీదా ఎవరూ కొట్టకుండానే పోయారు. కారణం ఇదీ అని గట్టిగా తేలలేదు, నీళ్ళు అన్నారు, ఎండలో పని అన్నారు, ఇంకా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. చిన్నాన్న చేసింది ఒక నేరం, దాన్ని అంతే ఉంచు. చెయ్యని నేరం కూడా ఆయన లెక్కలో కలిపితే నీ లెక్క ఎప్పటికీ తీరదు, 21 సార్లకి కూడా.

మా ఇంట్లో సంగతి ఒకటి చెప్తాను. మా నాన్నకీ పెదనాన్నకీ గట్టు మీద ఉన్న ఒక కొబ్బరి చెట్టు గురించి 14 ఏళ్ళు మాటల్లేవు. ఒక్క చెట్టు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ రాత్రి మా ఊళ్ళో కొబ్బరి తోటలన్నీ పేక ముక్కల్లా పడిపోయాయి, జీడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. తెల్లారి బయటికొస్తే ఆ తగువు చెట్టు కూడా పడుంది, సగం మా వైపు, సగం వాళ్ళ వైపు. ఇద్దరు ముసలాళ్ళూ ఆ మొద్దుకి చెరో పక్కా నిలబడి చూస్తున్నారు. నేను వీధి గుమ్మంలో నిలబడి ఇప్పుడు మాట్లాడుకుంటారు అనుకున్నాను. మాట్లాడుకోలేదు. రోజులకి రోజులు కరెంటు లేదు, మోటార్లు లేవు, నీళ్ళకి కటకట, వాళ్ళింట్లో చేతిపంపు ఉంది. పెదనాన్న ఒక బిందె నింపి మా అరుగు మీద పెట్టి ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నాన్న ఆ బిందె ముట్టుకోలేదు, అమ్మ దొడ్డి దారిన తీసుకెళ్ళి వాడింది. మర్నాడు ఖాళీ బిందె కడిగి వాళ్ళ అరుగు మీద పెట్టొచ్చింది, మళ్ళీ నిండి వచ్చింది. అలా తొమ్మిది రోజులు. పెదనాన్న ఆ తరవాతి ఏడాది పోయాడు. నాన్న ఇప్పటికీ సాయంత్రం పూట ఆ కొబ్బరి మొద్దు మీదే కూర్చుంటాడు, ఏమీ మాట్లాడడు, ఒకసారి మాత్రం నన్ను అడిగాడు, ఆ నీళ్ళు తియ్యగా ఉండేవా అని.

చిరంజీవి అంటే నువ్వు బహుమతి అనుకుంటున్నావు. ఆయనకి ఆ దీర్ఘాయువు ఏ రోజు వచ్చిందో తెలుసా? అమ్మని నరికిన రోజు. రేణుకాదేవి మనసు ఒక్క క్షణం చలించిందని జమదగ్నికి కోపం వచ్చి తల్లిని చంపమంటే నలుగురు అన్నలు చెయ్యలేమన్నారు, ఈయన చేశాడు. తండ్రి సంతోషించి వరాలు కోరుకోమన్నాడు. అమ్మ బతకాలి, చంపిన సంగతి ఆవిడకి గుర్తుండకూడదు, నాకు పాపం అంటకూడదు, అన్నలు మామూలు కావాలి, యుద్ధంలో నాకు ఎదురుండకూడదు, ఎక్కువ కాలం బతకాలి. ఇవన్నీ ఒక్క ఊపులో అడిగాడు, అన్నీ వచ్చాయి. అమ్మ మర్చిపోవాలని అడిగాడు గానీ తను మర్చిపోవాలని అడగలేదు చూడు. పాపం అంటకపోవచ్చు, కానీ ఆ గొడ్డలి ఎత్తిన చెయ్యి ఆయనదే, యుగాలు గడిచినా ఆయన దగ్గరే ఉంది. మనం అరవై డెబ్భై ఏళ్ళు మోస్తేనే నడుం విరిగిపోతుంది.

అందుకే నాకు ఆయన గొప్పతనం గొడ్డలిలో కనపడదు, ఆగిన తరవాత బతికిన తీరులో కనపడుతుంది. గెలిచిన భూమంతా యజ్ఞం చేసి కశ్యపుడికి దానం ఇచ్చేశాడు. ఆయనేమో పుచ్చుకుని, ఇప్పుడిది నాది, నువ్వు ఇక్కడ ఉండకూడదు అన్నాడు. ఎదురు చెప్పలేదు, వచ్చి మన పక్కన మహేంద్రగిరి మీద కూర్చున్నాడు. ద్రోణుడు డబ్బు కోసం వస్తే అన్నీ ఇచ్చేశాను, ఈ ఒళ్ళూ ఈ ఆయుధాలూ మిగిలాయి అని ఆయుధాలు కూడా ఇచ్చేశాడు. దశరథరాముడు ఆయన తెచ్చిన విష్ణు ధనుస్సు ఎక్కుపెట్టి, ఈ బాణం నీ నడక మీద వెయ్యనా, తపస్సుతో గెలుచుకున్న లోకాల మీద వెయ్యనా అని అడిగితే, లోకాలు పోతే పోనియ్, నడక మాత్రం ఉంచు, రాత్రి ఈ నేల మీద ఉండనని కశ్యపుడికి మాటిచ్చాను, చీకటి పడేలోగా కొండకి చేరాలి అన్నాడు. జీవితమంతా సంపాదించిన పుణ్యం వదులుకున్నాడు, ఇచ్చిన మాట వదల్లేదు. వెళ్తూ తనని ఓడించిన కుర్రాడికి ప్రదక్షిణం చేసి వెళ్ళాడు. 21 సార్లు గెలిచినవాడు. నీ ఫోన్ మీద పెట్టుకోవాల్సిన బొమ్మ అది తమ్ముడూ.

పాండవులు తీర్థయాత్రలో వైతరణి దాటి ఇటు వచ్చినప్పుడు కూడా ఆయన ఇక్కడే ఉన్నాడు, అష్టమికీ చతుర్దశికీ మాత్రమే కనపడతాడని శిష్యుడు అకృతవ్రణుడు చెప్తే ధర్మరాజు ఆగి మరీ చతుర్దశి నాడు చూసి వెళ్ళాడు. నేను ఒక్కసారే వెళ్ళాను, శివరాత్రికి, పెళ్ళికి ముందు. కొండ 1,501 మీటర్లు, మన మందస నుంచి చూస్తే దగ్గరే అనిపిస్తుంది గానీ ఎక్కేసరికి కాళ్ళు పట్టేశాయి, పైన పెద్ద పెద్ద రాళ్ళు పేర్చిన భీముడి గుడి, చేతికి మంచు తగిలేంత చలి, శివుడి కోసం వచ్చిన జనం తడిబట్టల్తో వణుకుతూ పాటలు పాడుతున్నారు. అక్కడ నిలబడితే కింద మన సముద్రం వైపంతా పొగమంచే. మహేంద్రతనయ అక్కడ్నుంచే బయల్దేరి మన బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎప్పుడైనా వెళ్ళిరా, కోపం తగ్గాక కాదు, కోపంతోనే వెళ్ళు.

ఇంక గట్టు సంగతి. భూమి దానం చేసెయ్యమని నేను అనట్లేదు, అది మీ అమ్మ బతుకు, వదలొద్దు. కానీ గట్టు తగువు గట్టు దగ్గరే తేలాలి, పెళ్ళి పందిట్లో కాదు. కేసు నడుస్తోంది కాబట్టి మీ లాయరు గారిని అడుగు, అడ్వకేట్ కమిషనర్‌ని, అంటే కోర్టు తరపున వచ్చి స్థలం చూసే లాయరుని, వెయ్యమని కోర్టులో పిటిషన్ పెట్టొచ్చు, ఆయన సర్వేయర్‌ని వెంట పెట్టుకుని వచ్చి ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్ళ పొలం కొలతల పుస్తకం) ప్రకారం కొలిపించి రిపోర్ట్ ఇస్తాడు. ఆరేళ్ళలో కొలతే జరగలేదని రాశావు, మరి ఇన్నాళ్ళూ దేని మీద వాదించుకుంటున్నారు? కొలత తేలాక లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టమని అడుగు, అక్కడ ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద మళ్ళీ అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. చెంపదెబ్బ గురించి అడగాలనుంటే అడుగు, అడగాల్సిందే, ఆ రాజీ రోజున పెద్దమనుషుల ముందు "మా నాన్నని కొట్టావు, ఆ మాట ఒప్పుకో" అని చిన్నాన్ననే అడుగు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. అయినా అడిగిన చోటు సరైంది అవుతుంది.

పెళ్ళికి మాత్రం వెళ్ళు. ముందే ఒకసారి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి శుభలేఖ అడిగి తీసుకో, మీ అమ్మని వెంట తీసుకెళ్ళు. సారీ చెప్పడం నోటికి రాకపోతే కేరేజీ సంగతి గుర్తుందమ్మా అను, చాలు, దానికి అర్థమవుతుంది. చిన్నాన్నతో మాట్లాడక్కర్లేదు, ఆయన పలకరిస్తే తలూపు. అక్షింతలు వేసి, భోజనం చేసి, చదివింపుల దగ్గర కూర్చున్నాయన పుస్తకం తీసి ఎవరి పేరు మీద రాయమంటావు బాబూ అని అడిగినప్పుడు మీ నాన్న పేరు రాయించు.